సోడియం–తగరం సమ్మేళనం: అపోహలు - వాస్తవాలు

అపోహ: తగరంతో కలిస్తే సోడియం శాంతిస్తుంది, బయట పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: 15 సోడియం పరమాణువులకు 4 తగరం పరమాణువుల లెక్కన కుదిరే ఈ అంతర్లోహ సమ్మేళనం సోడియంలా మెత్తగా కత్తికి తెగదు, పెళుసుగా పొడి అవుతుంది. పొడి కాబట్టి గాలి తగిలే చోటు ఎక్కువ. కాకినాడ, భీమవరం వానాకాలపు తేమలో మామూలు సోడియం కంటే దీన్నే ఎక్కువ భయంతో చూడాలి. ఎక్స్-రే పరీక్షకు కాప్టాన్ అనే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌తో మూయకుండా తీసుకెళ్తే గ్రాఫులో తగరం శిఖరాలు కనిపిస్తాయి. తయారీ కుదరలేదనుకుని మళ్లీ బాల్ మిల్లు (రెండు లోహాలను గుండ్లతో కొట్టి కలిపే యంత్రం) తిప్పుతారు. నిజానికి సోడియం తేమ పీల్చి హైడ్రాక్సైడ్ అయిపోయింది, తగరం విడిగా మిగిలింది.

అపోహ: తూకం కాస్త అటూఇటూ అయినా పర్వాలేదు.

వాస్తవం: 2 గ్రాములకు సోడియం 0.84, తగరం 1.16 గ్రాములు. నూనెలోంచి తీసిన సోడియాన్ని తేమలేని హెక్సేన్ ద్రావణి‌తో కడిగి, ఆరబెట్టి, తెల్లటి పెచ్చు మొత్తం కోసేశాకే తూచాలి. పెచ్చుతో తూస్తే సోడియం తగ్గి, 9 సోడియానికి 4 తగరం ఉండే మరో సమ్మేళనం కలిసి వస్తుంది. కలయికలో వేడి పుడుతుంది కనుక మిల్లును ఆపి ఆపి తిప్పాలి. గోడకు అంటుకున్న ముద్దను గీకి మళ్లీ తిప్పాలి. మిల్లు జార్ మూత తీసేది చర్య జరపని వాయువు నింపిన మూసిన పెట్టె, అంటే గ్లవ్ బాక్స్‌లోనే, అదీ తేమ, ఆక్సిజన్ రెండూ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లోపు ఉన్నప్పుడే.

అపోహ: గ్లవ్ బాక్స్ నింపడానికి ఆర్గాన్ వాయువు తప్ప పనికిరాదు.

వాస్తవం: అది లిథియం మాట. గది ఉష్ణోగ్రతలో సోడియం నైట్రోజన్‌తో చర్య జరపదు.

అపోహ: నిప్పంటుకుంటే గోదావరి ఇసుక బకెట్ చాలు.

వాస్తవం: మన దగ్గర బకెట్లో ఇసుక ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. చెమ్మ తగిలితే హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచిన ఇసుకే వాడాలి. నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వద్దేవద్దు.

అపోహ: సోడియం బ్యాటరీలో దీని నిల్వ సామర్థ్యం గ్రాముకు 847 మిల్లీ ఆంపియర్ గంటలు, కాబట్టి రొయ్యల చెరువు ఎయిరేటర్లకు ఇదే బ్యాటరీ.

వాస్తవం: ఆ అంకె తగరం బరువు మీద కట్టింది. సోడియం బరువూ కలిపితే సుమారు 490. పైగా సోడియం నిండేటప్పుడు తగరం దాదాపు అయిదింతలు ఉబ్బుతుంది, ఖాళీ అయ్యేటప్పుడు కుంచించుకుపోతుంది, ఎలక్ట్రోడ్ పగిలి రాలుతుంది. 2 హెచ్‌పీ ఎయిరేటర్ 8 గంటలు తిరిగితే సుమారు 12 యూనిట్లు కావాలి. గట్టు మీద కదలకుండా ఉండే బ్యాటరీకి బరువు సమస్య కాదు, ఏళ్ల తరబడి మన్నాలి. అక్కడ ఎలక్ట్రోడ్‌కు హార్డ్ కార్బనే (గ్రాఫైట్‌గా మారని కార్బన్) మేలు. మొదటి ఛార్జింగ్‌లో ఆ కార్బన్ మింగేసే సోడియాన్ని ముందే భర్తీ చేయడానికి ఈ పొడిని కొద్దిగా కలపడం, నా అంచనాలో, దీనికి అన్నిటికంటే ఆశ ఉన్న ఉపయోగం. కానీ అప్పుడు పొడిని అతికించడానికి నీటితో కలిపే సీఎంసీ అనే జిగురు (బైండర్) పనికిరాదు. టోలుయిన్ లాంటి తేమలేని ద్రావణిలోనే పూత వేయాలి.