గాలానికి చేప పడితే అఖాతం కోలుకున్నట్టేనా?

ఫ్లోరిడా పడమటి తీరంలో టాంపా బే అనే అఖాతం ఉంది. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే స్థిరపడ్డారు. కళ్యాణి డ్యామ్ గట్టు మీదో, ఊరి చెరువు తూము దగ్గరో గాలం పట్టడం నేర్చుకున్న మన తిరుపతి జిల్లా కుర్రాళ్లు ఇలాంటి చోటికి వెళ్తే ఆదివారాలు ఊరికే కూర్చుంటారా? ఉప్పునీటి గాలం అలవాటైపోతుంది. రెడ్ టైడ్ (సముద్రంలో విషపు నాచు ఒక్కసారిగా పెరిగిపోవడం) వచ్చి వేల చేపలు చచ్చి, నీళ్లు మళ్లీ తేటపడ్డాక ఒడ్డున మొదట వినిపించే ప్రశ్న ఏ దేశంలోనైనా ఒకటే: "అన్నా, పడతా ఉండాయా?" పడుతున్నాయంటే అఖాతం బాగుపడినట్టు, లేదంటే లేనట్టు. కొలత సులువుగానే ఉంది గానీ, సరిగ్గా ఇలాంటి సమయంలోనే అది తప్పు చెబుతుంది. ఎందుకు తప్పు చెబుతుందో తెలియాలంటే ముందు అక్కడ ఏం జరిగిందో చూడాలి.

ఫ్లోరిడా రెడ్ టైడ్‌కు మూలం కరీనియా బ్రెవిస్ అనే ఏకకణ జీవి. ఫ్లోరిడా శాస్త్రవేత్త కరెన్ స్టైడింగర్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. దాని పొడవు 20 నుంచి 40 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో సగం కూడా ఉండకపోవచ్చు. రెండు సన్నటి తోకలతో గంటకు మీటరు దాకా ఈదగలదు. మెక్సికో సింధుశాఖలో అది ఎప్పుడూ ఉంటుంది. లీటరు నీటిలో వెయ్యి కణాల లోపు ఉంటే మామూలే అనుకుంటారు. 5 వేలు దాటితే ఆల్చిప్పల సేకరణ ఆపేస్తారు. లక్ష దాటిందంటే చేపలు చావడం దాదాపు ఖాయం. పది లక్షలు దాటాక నీటి రంగు మారడం కంటికే తెలుస్తుంది.

వింతేమిటంటే ఇది చురుగ్గా పెరిగే జీవి కాదు. రెండు నుంచి ఐదు రోజులకోసారి గానీ రెండుగా చీలదు. తీరానికి 15 నుంచి 60 కిలోమీటర్ల అవతల, పోషకాలు తక్కువగా ఉన్న నీటిలో నింపాదిగా మొదలవుతుంది. తర్వాత గాలులు, అడుగు ప్రవాహాలు దాన్ని ఒడ్డుకు నెట్టి ఒకచోట పోగేస్తాయి. ఒడ్డుకు చేరాక నేల మీది నుంచి వచ్చే నత్రజని, భాస్వరం దానికి మేత అవుతాయి. 'మురుగు వల్లే రెడ్ టైడ్ పుడుతుంది' అనేవాళ్లదీ, 'మనిషికి దీంతో సంబంధమే లేదు' అనేవాళ్లదీ సగం మాటే. పుట్టేది నడి సముద్రంలో, బలిసేది మన గుమ్మం ముందు.

దీని విషం బ్రెవిటాక్సిన్. నాడీ కణాల పొరలో సోడియం లోపలికి వచ్చే ద్వారాలుంటాయి. సంకేతం అందినప్పుడు అవి తెరుచుకుని, వెంటనే మూసుకోవాలి. బ్రెవిటాక్సిన్ పట్టుకుందంటే మూసుకోవు. నాడి ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది, చేప అదుపు తప్పి గిరగిరా తిరుగుతుంది, మొప్పలు ఆడక చచ్చిపోతుంది. కరీనియాకు గట్టి పెంకు లేదు కాబట్టి అలల తాకిడికే పగిలిపోతుంది. విషం తుంపరల్లో కలిసి గాలిలోకి లేస్తుంది. అందుకే నీళ్లలో కాలు పెట్టకపోయినా బీచ్‌లో నడిచేవాళ్లకు దగ్గు, కళ్ల మంట. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ దరిదాపులకు పోకపోవడమే మేలు.

2017 అక్టోబరులో మొదలైన ఉధృతి 2019 తొలినాళ్ల దాకా వదల్లేదు. తాబేళ్లు, డాల్ఫిన్లు, మనాటీలు అనే సముద్రపు ఆవులు చచ్చిపోయాయి. 2018 జులైలో శానిబెల్ దీవి ఒడ్డుకు 26 అడుగుల తిమింగల సొరచేప కళేబరం కొట్టుకొచ్చింది. 2021లో రెడ్ టైడ్ ఏకంగా టాంపా బే లోపలికే చొచ్చుకొచ్చింది. ఆ ఏడాది వసంతంలోనే పైనీ పాయింట్ అనే పాత ఎరువుల కర్మాగారం చెరువు గట్టుకు గండి పడే ప్రమాదం రావడంతో 81 కోట్ల లీటర్లకు పైగా పోషకాలతో నిండిన నీటిని అఖాతంలోకి వదిలారు. వేసవిలో వందల టన్నుల చచ్చిన చేపల్ని ఎత్తిపోశారు.

ఇక కోలుకోవడం సంగతి. అన్నిటికంటే ముందు కోలుకునేది నీరు. గాలి మళ్లినా, వానలు పడి ఉప్పదనం తగ్గినా కొన్ని వారాల్లో కణాల సంఖ్య పడిపోతుంది. దగ్గు తగ్గుతుంది, పర్యాటకులు తిరిగొస్తారు, పేపర్లు మర్చిపోతాయి. తర్వాత అడుగు నేల. చచ్చినవి కుళ్లేటప్పుడు ప్రాణవాయువు హరించుకుపోతుంది, దాంతో విషం సోకని జీవులు కూడా పోతాయి. కుళ్లి కరిగిన నత్రజని మళ్లీ నాచుకే ఎరువు. ఆ నాచు వెలుతురును అడ్డుకుంటే సముద్రపు గడ్డి చచ్చిపోతుంది. పిల్ల చేపలు దాక్కునేది, రొయ్యలు, పీతలు మేసేది ఆ గడ్డిలోనే. టాంపా బేలో దశాబ్దాల పాటు మురుగును అదుపు చేసి 2016 నాటికి 41 వేల ఎకరాలకు పైగా గడ్డిని తిరిగి తెచ్చుకున్నారు. 2022 కొలతల్లో అది 30 వేల ఎకరాలకు కాస్త పైన తేలింది. ఈ నష్టమంతా రెడ్ టైడ్ ఖాతాలో వేయలేం. కానీ గడ్డి తగ్గిన అఖాతంలో ఇంకో దెబ్బ తగిలితే లేవడం మరింత ఆలస్యమవుతుందన్నది ఖాయం.

చేపల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. అవన్నీ ఒకే వేగంతో తిరిగి రావు.

అక్కడ గాలం పట్టేవాళ్లు ప్రాణంగా చూసుకునేవి మూడు: మచ్చల సీట్రౌట్, రెడ్‌ఫిష్, స్నూక్. సీట్రౌట్ పుట్టుక, బతుకు, చావు అంతా అఖాతంలోనే. రెడ్ టైడ్ లోపలికొస్తే తప్పించుకునే దారి తక్కువ. అయితే ఏడాది రెండేళ్లకే గుడ్లు పెడుతుంది, ఒక్క వేసవిలో పలుమార్లు పెడుతుంది. రెండు మూడు మంచి వేసవులు దొరికితే మళ్లీ నిలదొక్కుకోగలదు. రెడ్‌ఫిష్ దారి వేరు. పిల్లలు మూడు నాలుగేళ్లు అఖాతంలో పెరుగుతాయి, పెద్దవై బయటి సముద్రానికి పోతాయి, అక్కడ దశాబ్దాలు బతుకుతాయి. లోపల ఒక తరం పిల్లలు పోయినా బయట తల్లులు మిగిలితే శరదృతువు పోటుతో కొత్త పిల్లలు లోపలికి కొట్టుకొస్తాయి.

అసలు చిక్కు స్నూక్‌తో. ఇది మగగా పుడుతుంది, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. మన పండుగప్ప కూడా సరిగ్గా ఇంతే. రెండూ దూరపు చుట్టాలు, అలవాట్లు కూడా కలుస్తాయి. కాబట్టి పెద్ద స్నూక్‌లు చాలావరకు ఆడవి. వేసవిలో గుడ్లు పెట్టడానికి అవన్నీ అఖాతం ముఖద్వారాల దగ్గర గుమిగూడతాయి. 2018 వేసవిలో సరిగ్గా ఆ సమయానికే, ఆ చోట్లకే విషపు నీరు వచ్చింది. పిల్లలు పోతే వచ్చే ఏడాది వస్తాయి. పదేళ్ల తల్లి పోతే ఇంకో తల్లి తయారవడానికి మళ్లీ అన్నేళ్లు ఆగాల్సిందే. అందుకే 2018 ఆగస్టులో నైరుతి ఫ్లోరిడాలో స్నూక్, రెడ్‌ఫిష్‌లను పట్టినా వదిలేయాలని నియమం పెట్టారు. 2019లో సీట్రౌట్‌ను కూడా చేర్చారు. గడువు పొడిగిస్తూ పోయారు. పడవలు నడుపుకుని బతికేవాళ్లకు అది కష్టకాలమే, అయినా చాలామంది గైడ్లు దాన్ని సమర్థించారు. మన దగ్గర రెండు నెలల వేట నిషేధం అమలుకే ఎంత గొడవ జరుగుతుందో చూసేవాళ్లకు ఇది ఆశ్చర్యంగా ఉండొచ్చు. అక్కడ గాలం వేసేది ఎక్కువమంది సరదాకే అన్నది కూడా మర్చిపోకూడదు. రోజు కూలీ చేప మీద ఆధారపడినవాడికి 'పట్టి వదిలెయ్' అని చెప్పడం అంత తేలిక కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కరీనియాకు చప్పటి నీరు పడదు. ఉప్పదనం వెయ్యికి 24 వంతుల కంటే తగ్గితే బాగా బతకలేదు. టాంపా బేలోకి హిల్స్‌బరో, అలాఫియా, లిటిల్ మనాటీ, మనాటీ నదులు కలుస్తాయి. రెడ్ టైడ్ సమయంలో బతికిన చేపలు ఆ నదుల నోళ్లలోకి, పై కాలువల్లోకి తప్పుకోగలవు. ఆ చోట్లు తెలిసినవాడు అక్కడ గాలం వేస్తే బుట్ట నిండుతుంది. ఎండాకాలంలో చెరువు ఎండుతూ చివరి గుంటలో చేపలు చేతికందుతుంటే 'ఈ ఏడు చేపలు బలే ఉండాయే' అన్నట్టు ఉంటుంది ఆ సంబరం. మొత్తం చేపలు సగానికి పడిపోయినా గంటకు పడే చేపల సంఖ్య తగ్గకపోవచ్చు. మత్స్య శాస్త్రంలో ఇది పాత ఉచ్చు. ప్రపంచంలో ఎన్నో చేపల నిల్వలు ఈ ఉచ్చులోనే పడి అడుగంటాయి.

ఈ ఉచ్చులో పడకుండా ఫ్లోరిడా వాళ్లు చేసిన ఒక మంచి పని ఉంది. 1989 నుంచి టాంపా బేలో చేపలు ఉన్న చోటు వెతక్కుండా, చీటీ తీసినట్టు ఎంచిన చోట్ల క్రమం తప్పకుండా వల లాగి లెక్కపెడతారు. ఖాళీ వల కూడా వాళ్లకు సమాచారమే. 2005 రెడ్ టైడ్ తర్వాత సీట్రౌట్, రెడ్‌ఫిష్ పిల్లలు తగ్గాయని తెలిసింది ఇలా లాగిన వలల్లోనే. గాలం వేసేవాడికి అంత ఓపిక ఉండదు, కానీ అతనికీ ఒక ఆధారం ఉంది. అది పడిన చేపల సైజు. "పడతా ఉండాయన్నా, గానీ అన్నీ ఒకే సైజు" అంటే ఒకే ఏడాది పుట్టిన గుంపు మాత్రమే ఉందని, పైతరం లేదని అర్థం. చిన్నవి, నడిమివి, పెద్దవి కలిసి పడుతున్నాయంటే అప్పుడు కోలుకుంటోందని అనుకోవచ్చు.

వదిలేయడంలో కూడా పద్ధతి ఉంది. గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం పెదవి మూలకే తగులుతుంది, కడుపులోకి పోదు. చేతులు తడి చేసుకుని పట్టుకోవాలి, లేకపోతే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి చేపకు రోగాలు సోకుతాయి. ఎక్కువసేపు లాగి అలిసిపోనివ్వకూడదు, ఫొటో కోసం గాలిలో వేలాడదీయకూడదు. జాగ్రత్తగా వదిలిన స్నూక్‌లలో నూటికి రెండు మూడే చచ్చాయని అక్కడి అధ్యయనాల్లో తేలింది. కాకపోతే వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తక్కువ, మండు వేసవి మధ్యాహ్నం ఆ లెక్క మారుతుంది.

తినడం గురించి అందరూ అడుగుతారు. చురుగ్గా ఉన్న చేపను పట్టి, పేగులు తీసేసి, కండ మాత్రం తింటే ప్రమాదం లేదని ఫ్లోరిడా అధికారులు చెబుతారు. ఈదలేక తేలుతున్న చేపను ముట్టుకోకూడదు. ఆల్చిప్పల విషయం వేరు. అవి నీటిని వడకట్టి తింటాయి కాబట్టి విషాన్ని తమలో పోగేసుకుంటాయి. వండినా ఆ విషం పోదు.

ఈ కరీనియా మన బంగాళాఖాతపు సమస్య కాదు. మనకు కనిపించేది ఎక్కువగా నాక్టిలూకా అనే ఇంకో ఏకకణ జీవి. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు నీలంగా మెరిసింది దాని వల్లే. మరుసటి నెలలో రామేశ్వరం వైపున్న మండపం ఊరి దగ్గర సముద్రం పచ్చగా మారి చేపలు చచ్చిపోయిందీ దాని వల్లే. దానిది నాడిని పట్టే విషం కాదు. అది వదిలే అమ్మోనియా, కుళ్లేటప్పుడు హరించే ప్రాణవాయువు చేపల్ని చంపుతాయి. అలాగని మనకు విషపు నాచులు లేవనుకోవద్దు. 1981లో కల్పాక్కం దగ్గర వాయలూరులో ఆల్చిప్పలు తిని ముగ్గురు చనిపోయారు, 85 మంది ఆసుపత్రి పాలయ్యారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2021 జనవరి నుంచి ఉపగ్రహ చిత్రాలతో ఇలాంటి నాచు ఉధృతుల సమాచారం ఇస్తోంది. కానీ ఉపగ్రహం చూసేది నీటి రంగు. లోతు తక్కువై, బురద కలిసే పులికాట్ లాంటి చోట ఆ రంగును నమ్మడం కష్టం.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడతో పాటు ఆ పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ దెబ్బ కొట్టేది విషం కాదు, ఇసుక. సరస్సుకు సముద్రంతో ఉన్న ముఖద్వారాలు మేట వేసి మూసుకుపోతుంటాయి. వానాకాలంలో కాళంగి నీళ్లు వచ్చి చప్పబడే సరస్సు, ఎండాకాలంలో సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. పండుగప్ప నది నోళ్ల దగ్గరి ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ముఖద్వారం గుండానే లోపలికి రావాలి. ఒక ఏడాది దారి మూసుకుంటే ఆ ఏటి పిల్లలు లేనట్టే. అది తెలిసేది ఆ ఏడాది కాదు, మూడు నాలుగేళ్ల తర్వాత. పండుగప్ప మగగా ఎదిగేది ఆ వయసుకే, ఆడగా మారడానికి ఆరేడేళ్లయినా పడుతుంది. చెరువుల్లో పెంచినదైనా, సరస్సులో పట్టినదైనా మనం కిలో, కిలోన్నర తూకంలో కొనే పండుగప్ప ఇంకా గుడ్డు పెట్టే వయసుకు రానిదే.