ఋషికొండ: భవనాల గొడవలో మరుగున పడ్డ వాలు

విశాఖ తీరంలోని ఋషికొండ మీద పాత పర్యాటక రిసార్టును కూల్చి కట్టిన భవనాలను హోటల్ సంస్థలకు అప్పగించాలన్న ఆలోచన మళ్లీ చర్చకు వచ్చింది. ఎంత ఖర్చయింది, ఎవరి కోసం కట్టారు అన్న వాదనలు విశాఖలో అందరికీ కంఠోపాఠమే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. అతిథులు దిగబోయే గదుల చుట్టూ ఉన్నది కోసిన కొండ. అది వానకు ఎంతవరకు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

కథ మలుపు తిరిగింది 2022 జూన్ 1న. అంతకు ముందు నెలలో జాతీయ హరిత ట్రైబ్యునల్ పనులు ఆపమంది. హైకోర్టు విచారణలో ఉన్న విషయంలో ట్రైబ్యునల్ ముందుకెళ్లడం సరికాదంటూ సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. అయితే హైకోర్టు తేల్చేదాకా పాత రిసార్టును కూల్చిన చోటే కట్టుకోవాలని, కొత్తగా తవ్విన చోట కట్టరాదని కూడా చెప్పింది. కట్టడానికి హద్దు ఏర్పడింది గానీ, అప్పటికే తవ్వేసిన వాలును ఎవరు, ఎలా నిలబెట్టాలన్నది తెరమీదికి రాలేదు. ఆ తర్వాత వాదమంతా ఎకరాల చుట్టూనే తిరిగింది. 61 ఎకరాల కొండలో 9.88 ఎకరాలకు అనుమతి ఉండగా, దాదాపు 3 ఎకరాలు అదనంగా తవ్వినట్లు ప్రభుత్వ న్యాయవాదే హైకోర్టులో ఒప్పుకున్నారు. కోత ఎంత నిటారుగా ఉంది, నీరు ఎటు పోతుంది అని అడిగినవారు తక్కువ.

అడగవలసిన కారణం ఇక్కడి రాయిలోనే ఉంది. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ శిల ఎండావానలకు లోతుగా శిథిలమై ఎర్రమట్టిగా, బంకమట్టిగా మారుతుంది. పగుళ్లూ ఎక్కువే. కొండ పాదాన్ని కోసినప్పుడు రాతి పొరలు కోత వైపు వాలి ఉంటే వాటికి కింది ఆసరా పోతుంది. పగుళ్లలోకి దిగిన వాననీరు లోపలి నుంచి ఒత్తిడి పెంచుతుంది. పైన చెట్ల వేళ్లు ఉంటే కొంతైనా పట్టు దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగర కొండల మీది చెట్లను పెకలించి పోయింది. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నంలో కొండవాలు జారి ఇళ్లు కూలే స్థితికి వచ్చాయి. ఇన్ని చూశాక కూడా ఋషికొండ వాలును అందచందాల విషయంగానే చూడడం బాధాకరం.

ఇది పాత రిసార్టు పునర్నిర్మాణమే, 2021 మే నెలలో కేంద్రం తీరప్రాంత నియంత్రణ నిబంధనల కింద అనుమతి ఇచ్చింది, వాలుకు జియో మ్యాటింగ్ (మట్టిని పట్టి ఉంచే వలలాంటి పరుపు) పరిచారు అన్నది కట్టినవారి వైపు మాట. మ్యాటింగ్ పైమట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది, గడ్డి మొలవనిస్తుంది. లోపల జారే రాతిని ఆపే శక్తి దానికి లేదు. అందుకు కొండను మెట్లుమెట్లుగా కోయాలి, లోతుగా ఇనుప కడ్డీలు దింపాలి, పైనుంచి వచ్చే నీటిని మళ్లించే కాలువలు తవ్వాలి, అడ్డుగోడల్లో నీరు బయటికిపోయే గొట్టాలు పెట్టాలి.

కశ్మీర్‌లోని స్కీయింగ్ కేంద్రం గుల్మార్గ్‌లో మంచు చరియల ముప్పును ఏటా కొత్తగా అంచనా కట్టాల్సిందే. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన విభాగం (డీఆర్‌డీఓ) సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. అయినా 2023 ఫిబ్రవరి 1న అఫర్వాత్ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అక్కడ మంచు చేసే పని ఇక్కడ వాన చేస్తుంది. 2024 జులైలో కోల్‌కతాలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కొండచరియల ముందస్తు హెచ్చరికల కేంద్రాన్ని ప్రారంభించి, మొదట డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి జిల్లాలకు బులెటిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి ఏర్పాటు ఋషికొండకూ కావాలి.

భవనాలు ఎవరి చేతికి వెళ్లినా ముందు వాలు మీద చేసిన రాతి, మట్టి పరీక్షల నివేదికను బయటపెట్టాలి. కాలువల్లో పూడిక తీసే బాధ్యత అద్దెకు తీసుకున్నవారిదా, పర్యాటకాభివృద్ధి సంస్థదా అన్నది ఒప్పందంలోనే రాయాలి. ఎన్ని గంటల్లో ఎంత వాన కురిస్తే గదులు ఖాళీ చేయించాలో, ఆ ఆదేశం ఇచ్చే అధికారి ఎవరో కూడా అక్టోబరు తుపాన్లకు ముందే తేలాలి.