గనిలో ప్రాణం పోతే బిల్లు ఎవరు కట్టారు?

1913 అక్టోబర్ 14. వేల్స్‌లోని సెంగెనిద్ బొగ్గు గనిలో పేలుడు. 439 మంది కార్మికులు, వాళ్లను కాపాడటానికి దిగిన ఒకాయన చనిపోయారు. గాలిని ఎదురు దిశకు తిప్పగలిగే ఫ్యాన్లు ఉండాలని 1911లోనే చట్టం వచ్చింది, గడువు పొడిగించి మరీ ఇచ్చారు, అయినా ఆ ఏర్పాటు పూర్తి కాలేదు. చివరికి మేనేజర్‌కి 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా పడింది. పంచి చూస్తే ప్రాణానికి షిల్లింగున్నర (పౌండులో ఇరవయ్యో వంతు ఒక షిల్లింగు)! అదే గనిలో 1901లో 81 మంది పోయారన్న సంగతి సరేసరి.

ఫ్యాన్ ఖర్చు కంపెనీ లెక్కల్లో పడుతుంది, మనిషి పోయిన నష్టం అతని ఇంట్లో పడుతుంది. గనుల భద్రత ఎందుకంత నత్తనడక నడిచిందో నాకైతే ఇక్కడే అర్థమవుతుంది. పేలుడు మంట పాకకుండా బొగ్గు దుమ్ములో సున్నపురాయి పొడి కలపడం చాలా చవకైన పని, వందేళ్లుగా తెలిసిన పని. 2010లో అమెరికాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయాక చూస్తే అక్కడ ఆ పొడే సరిగా చల్లలేదు.

ప్రమాదమైతే కనీసం పేపర్లో వస్తుంది. దుమ్ము అలా కాదు, ఇరవై ముప్పై ఏళ్లు నెమ్మదిగా ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే నిద్ర. అతన్ని చూసుకోవడానికి భార్య పని మానేస్తే ఆ జీతం ఏ లెక్కలోకీ రాదు. బ్రిటన్‌లో మొదట రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కే పరిహారం ఇచ్చేవాళ్లు, బొగ్గు దుమ్ము జబ్బుకి 1943 దాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికాలో 1968లో ఫార్మింగ్టన్ గనిలో 78 మంది పోయి, మరుసటి ఏడాది వెస్ట్ వర్జీనియాలో వేలమంది పని ఆపేస్తే తప్ప దుమ్ముకి పరిమితి పెట్టే కేంద్ర చట్టం రాలేదు. 1978లో టన్ను బొగ్గుకి ఇంత అని పన్ను వేసి బాధితుల కోసం నిధి పెట్టారు. 2017 నాటికి ఆ నిధి 400 కోట్ల డాలర్లకు పైగా అప్పులో ఉంది, దివాలా తీసిన కంపెనీల భారం కూడా దాని నెత్తిన పడుతోంది. జబ్బేమో తగ్గలేదు. పలచటి బొగ్గు పొరల కోసం రాయిని కూడా కోస్తుంటే సిలికా, అంటే సన్నటి రాతి దుమ్ము, లేస్తుంది, దాంతో వయసులో ఉన్నవాళ్లకీ ముదిరిపోతోంది.

బ్రిటన్‌లో ఊపిరితిత్తుల జబ్బుకి ప్రభుత్వ బొగ్గు సంస్థే బాధ్యురాలని 1998లో కోర్టు తేల్చింది. 5 లక్షలకు పైగా క్లెయిములు వచ్చాయి. అప్పటికి గనులు చాలామటుకు మూతపడ్డాయి, డబ్బు కట్టింది పన్ను చెల్లించేవాళ్లు. చాలా చెక్కులు కార్మికుడి చేతికి కాదు, అతని భార్యకో పిల్లలకో వెళ్లాయి.