సువార్త అంటే ఎందుకంత టెన్షన్?

పిల్లలూ,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

సువార్త చెప్పాలి అనగానే మీలో చాలామందికి గుండె దడ మొదలవుతుందని నాకు తెలుసు. కరపత్రాలు పంచాలేమో, అందరి ముందూ నిలబడి మాట్లాడాలేమో, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నోట మాట రాదేమో అని. ముందు యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. పుట్టు గుడ్డివాడికి యేసు ప్రభువు చూపిచ్చాడు. పరిసయ్యులు, అంటే యూదుల మతపెద్దలు, అతన్ని పిలిపించి నిలదీశారు, చాలక అమ్మానాన్నల్నీ పిలిపించారు, వాళ్లేమో భయపడి వాడు పెద్దవాడే కదా, వాణ్నే అడగండి అని తప్పుకున్నారు. నిన్ను బాగుచేసినవాడు పాపి అని పెద్దలు తేల్చేస్తే అతనేమన్నాడు? పాపి అవునో కాదో నాకు తెలియదు, ఒక్కటి మాత్రం తెలుసు, ఇదివరకు గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను. అంతకుముందు ఆయన ఎక్కడున్నాడని అడిగినప్పుడు కూడా తెలియదనే చెప్పాడు. బైబిల్లో ఇంత గట్టి సాక్ష్యం చెప్పినవాడు రెండుసార్లు తెలియదన్నాడంటే, మీరూ అనొచ్చు.

మీ ఫ్రెండ్ ఏదో ఒక రోజు అడుగుతాడు, "మీ దేవుడు అంత మంచివాడైతే మా అమ్మకి ఈ జబ్బెందుకొచ్చింది?" అని. అప్పుడు ఎక్కడో విన్న ప్రసంగంలోంచి ఒక జవాబు తీసి వల్లించకండి. "నాకూ తెలియదురా" అనండి, అమ్మకి ఇప్పుడెలా ఉందో, రాత్రి నిద్రపోయిందో లేదో అడగండి, వాడు చెప్తుంటే ఫోన్ పక్కన పెట్టి వినండి. యేసు ప్రభువు గురించి చెప్పే సమయం ఆ రోజే రాకపోవచ్చు, రాకపోతే పోనీయండి.

వినడం సువార్తకు ముందు చేసే పని అనుకుంటాం గానీ అది కూడా సువార్త పనే. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఏం చేశాడో చూడండి. ఐతియొపీయ రాణి ధనాగారం చూసుకునే పెద్ద అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్లి, ముందు ఆయన చదివేది చెవిన పడేదాకా ఉండి, చదువుతున్నది అర్థమవుతోందా అని ఒక్క ప్రశ్న అడిగాడు. రథం ఎక్కి కూర్చోమని బతిమాలింది ఆ అధికారే! ఆయన ఏ లేఖనం దగ్గర ఆగిపోయాడో ఫిలిప్పు సరిగ్గా అక్కణ్నుంచే మొదలుపెట్టాడు. మనమైతే మనం బట్టీపట్టిన చోటు నుంచి మొదలుపెడతాం.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. ఎదుటివాళ్ల దేవుళ్లని ఎగతాళి చేయకండి, సరదాకి కూడా. ఎఫెసు పట్టణంలో పౌలు బోధ మీద పెద్ద గొడవ జరిగి జనమంతా కేకలు వేస్తుంటే, ఆ ఊరి కరణమే లేచి, పౌలు తోటివాళ్లను చూపించి, ఈ మనుషులు గుడి దోచినవాళ్లు కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అన్నాడు (అపొస్తలుల కార్యములు 19:37). మన మాట నచ్చనివాళ్లు కూడా మన గురించి ఆ మాట చెప్పగలగాలి.

చేసే సాయాన్ని ఎరగా వాడకండి. నోట్స్ ఇచ్చాను కాబట్టి వాడు ఆదివారం నాతో రావాలి అనే లెక్క వద్దు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే తిరిగొచ్చాడు, మిగతా తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు గానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. అన్నిటికంటే కష్టం ఇదే, ఎందుకంటే పొద్దున్నే చెల్లి మీద అరిచింది, తిన్న కంచం తీయకుండా వెళ్లిపోయింది వాళ్లు చూశారు. అక్కడ వాక్యం చెప్పేకంటే ముందు చెల్లికి సారీ చెప్పడం మేలు. అయినా వినకపోతే నీరసపడకండి. యేసు ప్రభువు సొంత తమ్ముళ్లే మొదట ఆయన్ని నమ్మలేదు, తర్వాత మేడగదిలో శిష్యులతో కలిసి ప్రార్థించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఎవరైనా వద్దంటే ఆపేయండి. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నా వెంట రా అని ప్రభువు అన్నప్పుడు, ఆస్తిపరుడైన ఒక యువకుడు దుఃఖపడి వెళ్లిపోతుంటే ప్రభువు వెంటపడలేదు, కానీ అతన్ని ప్రేమించాడని మార్కు రాశాడు. వద్దన్నవాడితో మీ స్నేహం నిన్నటిలాగే ఉండాలి, ముఖం మాడ్చుకుంటే అంతకుముందు చూపించిన ప్రేమంతా ఉత్తదే అనుకుంటాడు. మార్చే పని మనది కాదు. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచింది దేవుడే అని పౌలు తనలాగే బోధించిన అపొల్లో గురించి కొరింథువాళ్లకు రాసింది అందుకే.

స్టేటస్‌లో వాక్యం పెట్టడం తప్పేం కాదు, పెట్టండి. కానీ "నీ కోసం ప్రార్థన చేస్తా" అని మెసేజ్ పెట్టి మర్చిపోవడం మాత్రం మనందరికీ అలవాటైపోయింది. వాళ్లకు అభ్యంతరం లేకపోతే అక్కడికక్కడే చేసేయండి, వాళ్ల పేరు చెప్పి, రెండే రెండు మాటల్లో. తర్వాత కొన్నాళ్లకు ఆ విషయం ఏమైందని మీరే అడగండి. గుర్తుండదనుకుంటే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ పెట్టుకుంటాను.

ప్రేమతో,
మీ తాతయ్య