టెస్టులో చిత్తుగా ఓడిన రోజు వినపడే మాటలు: అపోహలు - వాస్తవాలు

2020 డిసెంబర్ 19, శనివారం. కాకినాడలో మా నెట్స్‌లో పొద్దున బ్యాచ్ అయిపోవచ్చింది. అడిలైడ్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మూడో రోజు ఆట మన టైముకు తొమ్మిదిన్నరకి మొదలైంది. పిల్లలు కిట్ బ్యాగుకి ఒక ఫోన్ ఆనించి చుట్టూ చేరారు. అప్పటికి మనవాళ్లు 62 పరుగుల ఆధిక్యంలో ఉన్నారు, చేతిలో తొమ్మిది వికెట్లున్నాయి. నేను స్టంపులు పీకి, బంతులు లెక్కపెట్టి, సంచిలో వేసుకుని వచ్చేసరికి స్కోరు 15కి 5. కాసేపటికి 36 దగ్గర ఇన్నింగ్స్ ముగిసింది.

పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తండ్రి బండి దిగకుండానే అడిగారు: "ఏంటి మాస్టారూ ఇది? వీళ్లకి సిగ్గుండక్కర్లేదా?"

పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి ఆట నేర్పుతున్నాను. ఆ రోజు విన్న మాటలే 2024 అక్టోబర్‌లో బెంగళూరులో న్యూజిలాండ్ మీద 46కి ఆలౌటైనప్పుడూ విన్నాను. 2025 నవంబర్‌లో గువాహటిలో దక్షిణాఫ్రికా 408 పరుగుల తేడాతో ఓడించినప్పుడూ విన్నాను. కోపం తప్పని నేను అనను. అడిలైడ్ రోజు నాకూ అన్నం సహించలేదు. కానీ ఆ మాటల్లో చాలావాటికీ మైదానంలో జరిగినదానికీ పొంతన ఉండదు. పైగా అవి పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లల నోటికి, అక్కడి నుంచి వాళ్ల ఆటలోకి వెళ్లిపోతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "మనసు పెట్టి ఆడి ఉంటే ఇంత ఘోరంగా ఓడేవాళ్లు కాదు"

అన్నిటికన్నా ఎక్కువ వినపడేది, అన్నిటికన్నా నష్టం చేసేది ఈ మాటే.

అడిలైడ్ స్కోర్‌కార్డు ఒకసారి చూడండి. బుమ్రా, పుజారా, మయాంక్, రహానే నలుగురూ జట్టు స్కోరు 15 దగ్గరే ఔటయ్యారు. మయాంక్ కొట్టిన 9 పరుగులే అందరిలోకీ ఎక్కువ. ఆస్ట్రేలియా బౌలర్ హేజల్‌వుడ్ ఐదు ఓవర్లు వేసి 8 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, కమిన్స్‌కి 4. వికెట్ కీపర్ పెయిన్ ఆ ఇన్నింగ్స్‌లో ఐదు క్యాచ్‌లు పట్టాడు. అంటే ఎక్కువమంది గాల్లోకి లేపి ఔటవలేదు, అంచు తగిలి వెనక దొరికిపోయారు. సిక్స్ కొట్టబోయి బౌండరీ దగ్గర చిక్కినవాడు ఒక్కడూ లేడు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. 135 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్ దగ్గరికి రావడానికి సుమారు అర సెకను పడుతుంది. గుడ్ లెంగ్త్‌లో పడిందనుకుంటే, నేలను తాకాక బ్యాట్‌ని చేరడానికి సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. కంటికి కనిపించిన మార్పుకి చెయ్యి స్పందించడానికి మనిషికి దాదాపు అంత టైము కావాలి. కాబట్టి సీమ్ (బంతి కుట్టు) మీద పడి పక్కకి జరిగిన బంతిని చూసి బ్యాట్ మార్చుకోవడం ఎవరి వల్లా కాదు. అది ఎక్కడికి వస్తుందో ముందే ఊహించి అక్కడ బ్యాట్ పెడతారు. నిబంధనల ప్రకారం బ్యాట్ వెడల్పు 10.8 సెంటీమీటర్లకు మించకూడదు. మధ్య నుంచి అంచుకి ఐదు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. బంతి మూడు సెంటీమీటర్లు జరిగితే బ్యాట్‌కి తగిలి కింద పడుతుంది. ఏడు జరిగితే అంచు తగులుతుంది. పది జరిగితే అసలు తగలదు, మనం "అబ్బ, బతికిపోయాడు" అనుకుంటాం. ఆ పొద్దున దాదాపు ప్రతి మంచి బంతికీ ఆ ఏడే పడింది. మిగతా రోజుల్లో అలాంటి బంతులు పది పడితే ఏడెనిమిది అంచు దాటి కీపర్ చేతిలోకి వెళ్లిపోతాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మనవాళ్ల తప్పే లేదని కాదు. కొందరి పాదం కదల్లేదు. కొందరు వదిలేయాల్సిన బంతికి చేతులు చాచారు. అవి సాంకేతికమైన లోపాలు, నెట్స్‌లో దిద్దుకోవచ్చు. "సిగ్గు లేదు" అంటే దేన్ని దిద్దుకోవాలి?

మా దగ్గర పదమూడేళ్ల కుర్రాడు ఒకడుండేవాడు. బంతిని వదిలేయడంలో వాడికున్న నిదానం ఆ వయసులో నేను పెద్దగా చూడలేదు. వరసగా రెండు మ్యాచ్‌ల్లో సున్నాకి ఔటయ్యాడు, రెండూ మంచి బంతులే. వాళ్ల నాన్న అందరి ముందూ "ప్రయత్నమే చేయట్లేదు వీడు" అని తిట్టారు. ఆ తర్వాత వాడు బంతిని వదలడం మానేశాడు. వదిలేస్తే ప్రయత్నించనట్టు కనిపిస్తుందని వాడి భయం. ఆఫ్ స్టంప్ బయట ఎంత దూరం వెళ్లే బంతికైనా బ్యాట్ విసిరేవాడు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు ఏడాది పైనే పట్టింది. వదిలేసిన బంతి వెనక ఎంత పని ఉంటుందో గట్టు మీద కూర్చున్నవాళ్లకి కనపడదు. అది నేర్పేవాడికి, నేర్చుకునేవాడికే తెలుస్తుంది.

అపోహ: "అంతా ఐపీఎల్ వల్లే"

1974లో లార్డ్స్‌లో మన జట్టు 42కి ఆలౌటైంది. ఇన్నింగ్స్ 285 పరుగుల తేడాతో ఓడింది. అప్పటికి మన జట్టు ఒక్క వన్డే కూడా ఆడలేదు. 1955లో ఆక్లండ్‌లో న్యూజిలాండ్ 26కే ఆలౌటైంది, టెస్టుల్లో ఇప్పటికీ అదే అతి తక్కువ స్కోరు. అడిలైడ్‌లో మనల్ని పడగొట్టిన కమిన్స్, హేజల్‌వుడ్ కూడా ఐపీఎల్ ఆడినవాళ్లే. బెంగళూరులో 46 కొట్టిన జట్టే, అదే మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో 462 చేసింది. మధ్యలో మారింది వాతావరణం, పిచ్‌లో తేమ. మబ్బులున్న రోజున టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకోవడం తన అంచనా తప్పేనని రోహిత్ శర్మ ఒప్పుకున్నాడు కూడా.

ఈ మాటలో ఒక పాలు నిజం ఉంది, దాన్ని దాచను. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలు బ్యాట్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటున్నారు. మెత్తటి చేతులతో ఆడితే అంచు తగిలినా బంతి స్లిప్‌లో (కీపర్ పక్కన) నిలబడ్డవాడి ముందే పడుతుంది. బిగించి ఆడితే నేరుగా చేతిలోకి వెళ్తుంది. పెద్ద ఆటగాళ్లకి కూడా నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడే టైము తగ్గిపోయింది. కానీ ఇది మెల్లగా, ఏళ్ల మీద జరిగే నష్టం. గంటన్నరలో పడిన ఎనిమిది వికెట్లకి ఇదొక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను.

అపోహ: "మ్యాచ్ అమ్ముడుపోయింది"

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2000లో దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోనే మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడ్డప్పుడు దెబ్బతిన్న అభిమానుల్లో నేనూ ఒకణ్ని. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ ఇన్నింగ్స్ 225 పరుగుల తేడాతో ఓడింది, ఆ మ్యాచ్‌లో మోసం జరిగిందని కోర్టులో రుజువైంది కూడా. అయితే అక్కడ అమ్ముడుపోయింది మ్యాచ్ కాదు, మూడు నోబాల్స్. ఫలానా ఓవర్లో ఫలానా బంతి అని ముందే చెప్పి వేసినవి. స్కోరు చూసి కనిపెట్టగలిగే మోసం కాదది. స్కోరు ఘోరంగా ఉంది కాబట్టి మోసం అనడం మొదలెడితే, అసలు మోసం ఎదురుగా జరిగినా గుర్తుపట్టలేం.

అపోహ: "మూడు రోజుల్లో అయిపోయిందంటే పిచ్‌దే తప్పు"

అడిలైడ్‌లో అదే పిచ్ మీద మొదటి ఇన్నింగ్స్‌లో మనం 244 కొట్టాం, 53 పరుగుల ఆధిక్యం తీసుకున్నాం. కొన్నిసార్లు పిచ్‌దే తప్పు, అదీ నిజమే. 2024 జనవరిలో కేప్‌టౌన్ టెస్టు 642 బంతుల్లో ముగిసింది, ఫలితం తేలిన టెస్టుల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు. ఐసీసీ ఆ పిచ్‌ని సంతృప్తికరంగా లేదని తేల్చింది. ఆ మ్యాచ్‌లో మన సిరాజ్ 15 పరుగులకి 6 వికెట్లు తీశాడు, మనం గెలిచాం. ఆ వారం మా నెట్స్‌లో పిచ్ గురించి ఒక్కరూ నన్ను అడగలేదు.

అపోహ: "ఫోన్లు వచ్చాకే అభిమానులు ఇలా తయారయ్యారు"

1971లో వెస్టిండీస్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ సిరీస్‌లు గెలిచినప్పుడు కెప్టెన్ వాడేకర్ జట్టుకి దేశమంతా నీరాజనం పట్టింది. ఇందోర్‌లో ఆ విజయానికి గుర్తుగా కాంక్రీటుతో పెద్ద బ్యాట్ కట్టారు. మూడేళ్లు తిరక్కుండా ఇంగ్లండ్‌లో 3-0తో ఓడగానే ఆ బ్యాట్‌నే పాడుచేశారు. బొంబాయిలో వాడేకర్ ఇంటి మీద రాళ్లు పడ్డాయి. అప్పుడు చాలా ఇళ్లలో రేడియోనే దిక్కు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1999 జనవరిలో చెన్నైలో పాకిస్తాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. సచిన్ 136 కొట్టి ఔటయ్యాక గెలుపు చేజారింది. గుండె పగిలిన ఆ జనమే లేచి నిలబడి, మైదానం చుట్టూ తిరుగుతున్న పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. తర్వాతి నెలే కోల్‌కతాలో అదే జట్టుతో మ్యాచ్‌లో గొడవలయ్యాయి, ప్రేక్షకుల్ని బయటికి పంపి దాదాపు ఖాళీ స్టేడియంలో ఆట ముగించాల్సి వచ్చింది. కాలం ఒకటే, దేశం ఒకటే. ఓటమిని ఎలా తీసుకోవాలో చుట్టూ ఉన్నవాళ్లని చూసి నేర్చుకుంటాం, మంచైనా చెడైనా.

అపోహ: "ఇక సిరీస్ పోయినట్టే, అందర్నీ పీకేయాలి"

చిత్తుగా ఓడిన మ్యాచ్ తర్వాతి మ్యాచ్ గురించి చెప్పేది చాలా తక్కువ. 2024లో ముల్తాన్‌లో పాకిస్తాన్ మొదటి ఇన్నింగ్స్‌లో 556 కొట్టి కూడా ఇన్నింగ్స్ తేడాతో ఓడింది, ఇంగ్లండ్ 823 చేసింది. తర్వాతి టెస్టు అదే పిచ్ మీద ఆడారు, పాకిస్తాన్ స్పిన్నర్లు నోమన్ అలీ, సాజిద్ ఖాన్ ఇద్దరే 20 వికెట్లూ తీసి గెలిపించారు. సిరీస్ కూడా పాకిస్తాన్‌దే. 2001లో కోల్‌కతాలో 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడుతున్నప్పుడు మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 కొట్టింది మీకు చెప్పక్కర్లేదు.

అడిలైడ్ తర్వాత మెల్‌బోర్న్‌కి నాలుగు మార్పులు చేశారు. అందులో కోహ్లీ తన బిడ్డ పుట్టబోతుండటంతో ఇంటికొచ్చాడు, షమీకి చేతికి దెబ్బ తగిలింది. పృథ్వీ షా, సాహా ఇద్దర్నే పక్కనపెట్టారు, మిగిలినవాళ్లని పీకలేదు. రహానే సెంచరీ కొట్టాడు. తండ్రి చనిపోయినా ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయిన సిరాజ్ తొలి టెస్టులోనే ఐదు వికెట్లు తీశాడు. మనం 8 వికెట్ల తేడాతో గెలిచాం.

అడిలైడ్‌లో 8 పరుగులకి ఔటైన మా కాకినాడ విహారిని అప్పుడే పీకేసి ఉంటే సిడ్నీలో ఏమయ్యేదో. 2021 జనవరి 11న తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23తో నిలబడ్డాడు. అశ్విన్ 128 బంతులకి 39. ఇద్దరూ 40 ఓవర్లకి పైగా ఆగారు, టెస్టు డ్రా అయింది. ఆ పూటే అప్పటి ఒక కేంద్ర మంత్రి, విహారి గెలుపు అవకాశాన్నీ క్రికెట్‌నీ చంపేశాడని ట్విట్టర్‌లో పెట్టారు. పేరు 'బిహారి' అని రాశారు. విహారి ఇంకేమీ అనకుండా తన పేరు సరిచేసి రాశాడు, అంతే. ఎనిమిది రోజులకి, 1988 తర్వాత ఆస్ట్రేలియా ఒక్క టెస్టూ ఓడని బ్రిస్బేన్‌లో మనవాళ్లు 328 ఛేదించి సిరీస్ గెలిచారు.

సిడ్నీ టెస్టు మర్నాడు ఆ కుర్రాడు, బంతి వదలడం మానేసినవాడు, నా దగ్గరికొచ్చి "సార్, నాకు 161 బంతులు వేస్తారా?" అన్నాడు. వేశాను. అరవై దాటేసరికి చేతులు లాగుతున్నాయన్నాడు, నీళ్లు తాగి మళ్లీ గార్డ్ తీసుకున్నాడు. ఆఫ్ స్టంప్ బయట వేసినవి చాలావరకు వదిలేశాడు. గట్టు మీద వాళ్ల నాన్న కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నారు.