పదిహేడా, పద్దెనిమిదా: ఐర్లండ్ కుర్రాళ్ల ఫుట్‌బాల్‌లో తెగని వయసు పంచాయితీ

ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ల పోటీల్లో అన్నిటికన్నా పెద్దది మైనర్ ఛాంపియన్‌షిప్. దాని వయసు హద్దు మీద పదేళ్లుగా నడుస్తున్న గొడవ ఇంకా తెగలేదు. పద్దెనిమిది ఏళ్ల లోపు అని దాదాపు తొంభై ఏళ్లు సాగిన పోటీని 2018లో పదిహేడు ఏళ్ల లోపుకు దించారు. ఆ ఒక్క ఏడాది తేడా ఊరి క్లబ్బుల దగ్గర మొదలై, ఇంటర్ చదువుకు సరితూగే లీవింగ్ సర్ట్ పరీక్షల మీదుగా, కుర్రాళ్లు అసలు ఆటలో ఉంటారా మానేస్తారా అన్న దాకా వెళ్లింది. డబ్లిన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా స్కూలు ద్వారా, వేసవి క్యాంపుల ద్వారా ఈ క్లబ్బుల్లో చేరుతున్నారు. అందుకే ఈ పంచాయితీ ఎక్కడ మొదలైందో మనమూ తెలుసుకోవాలి.

ముందు ఆట సంగతి. జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు. గోల్ స్తంభాలు ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి వెళ్తే ఒక పాయింట్. దూరం నుంచి పైకి కొడితే రెండు పాయింట్లు ఇచ్చే నిబంధన 2025లో వచ్చింది. స్కోరును గోల్స్, పాయింట్లు విడివిడిగా రాస్తారు. 2-10 అంటే రెండు గోల్స్, పది పాయింట్లు, మొత్తం పదహారు. ఆడేవాళ్లలో ఎవరికీ జీతం లేదు. దేశంలో అందరికీ పేరు తెలిసిన ఆటగాడు కూడా సోమవారం పొద్దున తన ఉద్యోగానికి వెళ్లాల్సిందే.

ఈ ఆటలన్నిటినీ నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, పొట్టిగా జీఏఏ, 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తర్లస్ పట్టణంలో, హేస్ హోటల్లో పుట్టింది. మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ దాని స్థాపకుల్లో ముఖ్యులు. బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం తన ఆటలు తాను నిలబెట్టుకోవాలన్న పట్టుదల అది. పునాదిగా పారిష్‌ను తీసుకున్నారు. చర్చి చుట్టూ ఉండే నాలుగైదు ఊళ్లు కలిస్తే ఒక పారిష్, దానికో క్లబ్. క్లబ్బుల నుంచి మెరికల్లాంటి వాళ్లను ఏరితే కౌంటీ జట్టు. క్లబ్ అందరిదీ, కౌంటీ కొందరిది. వయసు మీద వచ్చిన తగాదా మొత్తం ఈ రెండింటి మధ్యే నడిచింది.

కుర్రాళ్లకు అఖిల ఐర్లండ్ ఫుట్‌బాల్ పోటీ 1929లో మొదలైంది. కర్రతో చిన్న బంతిని కొట్టే జీఏఏ రెండో ఆట హర్లింగ్‌లో అంతకు ఒక ఏడాది ముందే పెట్టారు. మొదటి ఫుట్‌బాల్ ఫైనల్లో లాంగ్‌ఫర్డ్‌ను ఓడించి క్లేర్ కప్పు గెలిచింది. సీనియర్ ఫుట్‌బాల్లో క్లేర్ పెద్ద కౌంటీ ఏమీ కాదు. అలాంటి చోటు నుంచి తొలి విజేతలు రావడం ఈ పోటీకి మొదటి నుంచీ ఒక గుణాన్ని ఇచ్చింది: పెద్దల పోటీలో ఆశ లేని కౌంటీకి కుర్రాళ్లలో ఆశ ఉంటుంది. ఇప్పుడు ఇచ్చే కప్పు మీద ఉన్న పేరు కూడా క్లేర్ మనిషి టామ్ మార్ఖమ్‌దే. 1931 నుంచి 1933 దాకా కెర్రీ వరుసగా మూడు గెలిచింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1944 దాకా, పోటీ జరగలేదు. ఆ తర్వాత ఏడాది తప్పకుండా నడిచింది.

ఈ పోటీకి ఇంత గౌరవం దక్కడానికి ఇంకో కారణం ఉంది. సెప్టెంబర్‌లో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో సీనియర్ ఫైనల్ జరిగే రోజే, దానికి ముందు, అదే పచ్చిక మీద మైనర్ ఫైనల్ ఆడించేవారు. పదిహేడేళ్ల కుర్రాడు ఎనభై వేల మంది పట్టే స్టేడియంలో, జనం లోపలికి వస్తూ ఉండగా, తన కౌంటీ జెర్సీలో పరిగెత్తేవాడు. అతని ఊరు ఊరంతా టీవీ ముందు కూర్చునేది. తర్వాత సీనియర్ జట్టుకు ఎప్పటికీ ఎంపిక కాని వాళ్లు కూడా ఆ ఒక్క రోజును జీవితాంతం చెప్పుకుంటారు.

మరి దీన్ని ఎందుకు కదిలించారు?

కారణం నిజమైనదే. బాగా ఆడే పదిహేడేళ్ల పిల్లాడి ఏడాది ఎలా ఉండేదో చూడండి. స్కూలు జట్టు ఉంటుంది, అదీ చిన్న పోటీ కాదు. ఉత్తరాన అల్స్టర్ ప్రాంతంలో మక్‌రోరీ కప్పు, దేశమంతటికీ 1946లో మొదలైన హోగన్ కప్పు ఉన్నాయి. ట్యూమ్ పట్టణంలోని సెయింట్ జార్లత్స్ లాంటి స్కూళ్లకు వీటితోనే పేరొచ్చింది. స్కూలు తర్వాత క్లబ్ మైనర్ జట్టు. కాస్త పొడుగ్గా, బలంగా ఉంటే క్లబ్ పెద్దల జట్టూ రమ్మంటుంది. ఆపైన కౌంటీ మైనర్ జట్టు. కొందరికి అండర్-21 జట్టు కూడా. హర్లింగ్ కూడా ఆడితే ఈ లెక్కంతా రెండింతలు. ప్రతి కోచ్‌కీ తన జట్టే ముఖ్యం, ప్రతివాడూ వారానికి రెండు సాయంత్రాలు అడుగుతాడు. ఇదంతా సాగుతుండగా జూన్ మొదట్లో లీవింగ్ సర్ట్ పరీక్షలు వచ్చి పడతాయి. కాలేజీ సీటు ఆ మార్కుల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ టెన్షన్ ఎలాంటిదో తెలుగు ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

గజ్జల్లో, తుంటి దగ్గర గాయాలతో ఇరవై ఏళ్లకే ఆట మానేస్తున్న కుర్రాళ్ల గురించి డాక్టర్లు హెచ్చరిస్తూ వచ్చారు. 2007లో డాక్టర్ పాట్ ఓనీల్ నాయకత్వంలో ఒక బృందం ఈ అలసట సమస్యను పరిశీలించింది. ఆయన డాక్టరే కాదు, 1995లో డబ్లిన్‌ను అఖిల ఐర్లండ్ విజేతగా నిలిపిన మేనేజర్ కూడా. మైనర్, అండర్-21 రెండింటినీ తీసేసి అండర్-19 అని ఒకే పోటీ పెట్టమన్నది వాళ్ల సూచన. దానికి ఆమోదం దొరకలేదు. రెండు పాత పోటీలకూ ఎవరి అభిమానం వాళ్లకుంది, ఎవరూ వదులుకోలేదు.

2015 నవంబర్‌లో అప్పటి జీఏఏ డైరెక్టర్ జనరల్ పారిక్ డఫీ ఇదే విషయం మీద ఒక చర్చాపత్రం బయటపెట్టారు. మైనర్‌ను పదిహేడుకు దించితే కౌంటీ మైనర్ ఆడేవాళ్లలో ఎక్కువ మందికి ఆ ఏడాది లీవింగ్ సర్ట్ ఉండదు, పెద్దల జట్లతో తగువూ తగ్గుతుంది అన్నది వాదన. 2016 ఫిబ్రవరిలో కార్లో కౌంటీలో జరిగిన జీఏఏ వార్షిక మహాసభ, అంటే కాంగ్రెస్, ఒప్పుకుంది. 2018 నుంచి మైనర్ అండర్-17 అయింది. 1964లో మొదలైన అండర్-21 ఫుట్‌బాల్ పోటీ కూడా అదే ఏడాది అండర్-20గా మారింది.

పాత పద్ధతికి చివరి ఏడాది 2017. ఆ సెప్టెంబర్ ఫైనల్లో కెర్రీ 6-17, డెరీ 1-8. కెర్రీ కెప్టెన్ డేవిడ్ క్లిఫర్డ్ ఒక్కడే 4-4 కొట్టాడు, అంటే పదహారు పాయింట్లు. డెరీ జట్టంతా కలిపి చేసింది పదకొండు. కెర్రీకి అది వరుసగా నాలుగో మైనర్ టైటిల్, మరుసటి ఏడాది కొత్త వయసు హద్దులో ఐదోదీ గెలిచింది. క్లిఫర్డ్ పుట్టింది 1999 జనవరి 22న. వయసు లెక్క జనవరి 1 నుంచి వేస్తారు. ఒక్క నెల ముందు పుట్టి ఉన్నా ఆ ఏడాది మైనర్‌కు పనికిరాడు. అండర్-17 నిబంధన ఒక్క ఏడాది ముందు వచ్చినా ఆ ఫైనల్లో ఉండేవాడు కాదు. జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ పదహారు, పదిహేడేళ్ల దగ్గర ఎముకల్లో, కండలో కనిపించే తేడా చిన్నది కాదు. హద్దు ఎక్కడ గీసినా ఎవరో ఒకరు నష్టపోతారు. ఎంత మంది నష్టపోతారన్నదే చూడాలి.

మార్పుకు మొదట బలైంది 2000లో పుట్టిన కుర్రాళ్లు. 2017లో వాళ్లు అండర్-18 జట్లలో చిన్నవాళ్లు, 2018 వచ్చేసరికి వయసు దాటిపోయినవాళ్లు. పెద్దవాళ్లుగా ఆడాల్సిన మైనర్ ఏడాది వాళ్లకు లేకుండా పోయింది. ఆ లోటు తీర్చడానికి 2017లో ఆ ఒక్కసారికి అండర్-17 పోటీ పెట్టారు, ఫుట్‌బాల్లో టైరోన్ గెలిచింది. మంచి ఆలోచనే. కానీ అన్నలు ఆడిన మైనర్‌కు అది సాటి కాదని వాళ్లకూ తెలుసు.

ఇంతవరకూ కౌంటీ కథ. అసలు గొడవ క్లబ్బుల్లో రాజుకుంది. కౌంటీ మైనర్ పదిహేడైతే క్లబ్ మైనర్ కూడా పదిహేడే కావాలని కింది వయసులన్నీ బేసి సంఖ్యలకు మార్చారు: 13, 15, 17. దానితో పాటు ఆ వయసు పిల్లలను పెద్దల జట్లలో ఆడించకూడదన్న నియమం వచ్చింది. పెద్ద పట్టణ క్లబ్బుకు ఇది ఇబ్బంది కాదు, ప్రతి వయసుకూ ముప్పై మంది ఉంటారు. లీట్రిమ్‌లోనో పశ్చిమ కెర్రీలోనో ఉన్న చిన్న పారిష్‌లో ఒక ఏడాదికి పుట్టేవాళ్లే నలుగురైదుగురు. అక్కడ మైనర్ జట్టు నుంచి ఒక ఏడాది వయసువాళ్లను తీసేస్తే పదిహేను మంది నిండరు. పక్క పారిష్‌తో కలవాలి, తరతరాలుగా ఎవరితో పోటీపడ్డారో వాళ్ల జెర్సీలే వేసుకోవాలి. లేదంటే ఆ ఏడాదికి జట్టే లేదు. ఇక పద్దెనిమిది నిండబోయే కుర్రాడికి కుర్రాళ్ల జట్టులో చోటు లేదు. పెద్దల జట్టులో ముప్పై ఏళ్ల మనిషి భుజం తగిలితే నిలబడే బలం అతనికింకా రాలేదు. అండర్-19 అనో మరొకటనో పెట్టినా ఏడాదికి నాలుగు మ్యాచులు దొరికితే గొప్ప. ఆ వయసులోనే పరీక్షలు, కాలేజీ కోసం ఊరు మారడం. ఆట మానేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అలిసిపోతున్న వాళ్లు కౌంటీ జట్లకు ఎంపికైన కొద్ది మంది. ఒక్కో కౌంటీకి ముప్పై, నలభై మంది. వాళ్లను కాపాడటానికి తెచ్చిన నియమం వేల మంది మామూలు కుర్రాళ్ల మీద పడింది. వాళ్లకు మ్యాచులు ఎక్కువై కాదు, తక్కువై బాధ. నలుగురు కోచ్‌లు ఒకే పిల్లాడి కోసం పోట్లాడుకుంటుంటే ఆ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించాలి. వయసు మార్చడం దానికన్నా సులువు కాబట్టే ఆ దారి పట్టారని నాకు అనిపిస్తుంది.

ఆ సులువు దారి మొదటి ఉద్దేశాన్ని పూర్తిగా ఓడించిందని అనలేం. 2022లో ఏడాదిని రెండుగా చీల్చి మొదటి సగం కౌంటీకి, రెండో సగం క్లబ్బుకు ఇచ్చారు. సీనియర్ ఫైనల్ సెప్టెంబర్ నుంచి జూలైకి వచ్చింది. కౌంటీ మైనర్ పదిహేడు దగ్గరే ఉండటం వల్ల ఈ కుదింపులో పరీక్షల ఒత్తిడి కొంత తప్పింది. కానీ ఇదే కుదింపులో మైనర్ ఫైనల్ క్రోక్ పార్క్ పెద్ద రోజుకు దూరమైంది. 2022లో గాల్వే, మేయో మీద గెలిచిన ఫైనల్ రాస్‌కామన్‌లోని హైడ్ పార్క్‌లో జరిగింది. 2023లో డెరీ మోనహన్‌ను ఓడించింది అర్మాలో. 2024లో డెరీ, అర్మా ఫైనల్ ఓమాలో. ఊరి వాళ్లకు దగ్గర, టికెట్టు చవక, మైదానం చుట్టూ తెలిసిన ముఖాలే. అయినా పదహారేళ్ల పిల్లాడు కలగనేది క్రోక్ పార్క్‌నే.

క్లబ్బుల ఒత్తిడికి చివరికి పట్టు సడలింది. క్లబ్ స్థాయిలో మైనర్ పదిహేడా, పద్దెనిమిదా అన్నది కౌంటీలు తేల్చుకునే వెసులుబాటు వచ్చింది. చాలా చోట్ల అండర్-18 తిరిగి వచ్చింది. కౌంటీ స్థాయిలో మాత్రం పదిహేడే. ఇప్పుడు ఒక కౌంటీలో మైనర్ అంటే ఒక వయసు, సరిహద్దు దాటితే ఇంకో వయసు. కొత్తగా క్లబ్‌లో చేరిన పిల్లల తల్లిదండ్రులు మొదట అడగాల్సింది ఇదే: మా కౌంటీలో ఏ పద్ధతి, మావాడు ఏ ఏడాదిలో పుట్టినవాడి కింద వస్తాడు?

చిన్న పిల్లల సంగతి వేరు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు గో గేమ్స్ అనే పద్ధతి ఉంది. అందరూ ఆడాలి, ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టకూడదు, ఛాంపియన్‌షిప్ లేదు, కప్పు లేదు. ఇది జీఏఏ చేసిన అతి మంచి పని అని నేను నమ్ముతాను. ఆట తెలియని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇక్కడే తలుపు తెరుచుకుంటుంది. పాకిస్తాన్‌లో పుట్టిన షైరోజ్ అక్రమ్ 2016లో మేయో తరఫున అండర్-21 అఖిల ఐర్లండ్ పతకం గెలిచాడు. అలాంటి వాళ్లు ఇంకా రావాలంటే పన్నెండేళ్లకు లోపలికి వచ్చిన పిల్లాడు పద్దెనిమిదికి బయటికి పోకుండా ఉండాలి.

ఇప్పుడు ఈ పంచాయితీకి ఇంకో కొస వచ్చి కలుస్తోంది. ఆడపిల్లల ఫుట్‌బాల్ 1974లో మొదలైన వేరే సంస్థ చేతిలో ఉంది. మగపిల్లల వైపు బేసి సంఖ్యలకు మారినప్పుడు వాళ్లు మారలేదు; 14, 16, 18 ఏళ్ల పోటీలతోనే సాగారు. ఆ సంస్థనూ, కామోగీ (ఆడవాళ్ల హర్లింగ్) సంస్థనూ జీఏఏతో కలిపేసే పని ఐర్లండ్ దేశ మాజీ అధ్యక్షురాలు మేరీ మకలీస్ అధ్యక్షతన 2027 లక్ష్యంగా నడుస్తోంది. ఒకే క్లబ్, ఒకే మైదానం, చాలాసార్లు అవే కుటుంబాలు, అవే కోచ్‌లు. అన్నకు ఒక వయసు లెక్క, చెల్లెలికి ఇంకో లెక్క పెట్టుకుని ఒకే సంస్థగా మైదానం వేళలు పంచడం కష్టం. కాబట్టి పదిహేడా, పద్దెనిమిదా అన్న ప్రశ్న మళ్లీ కాంగ్రెస్ ముందుకు రాక తప్పదు. ఈసారి ఆ గదిలో పద్దెనిమిదికే అలవాటు పడిన ఆడపిల్లల కోచ్‌లూ ఓటు వేస్తారు.