ఆర్ట్స్ కాలేజీ మైదానం: తగువు వెనుక ఒక ట్రాక్ కథ

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో బహిరంగ సభ అన్న మాట వినిపిస్తే చాలు, ఆడేవాళ్లకూ సభ పెట్టేవాళ్లకూ మధ్య పాత తగువు మళ్లీ లేస్తుంది. సుబేదారిలోని ఈ మైదానం చరిత్ర నగరంలో అందరికీ తెలిసిందే. తగువు ఇంతగా ఎందుకు ముదిరిందో తెలియాలంటే మాత్రం హనుమకొండలోనే ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు చూడాలి.

2021 సెప్టెంబరు 15 నుంచి 19 వరకు అక్కడ 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. కొత్త సింథటిక్ ట్రాక్ మీద పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల పరుగును 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించింది. 2002 బుసాన్ ఆసియా క్రీడల నాటి సునీతా రాణి జాతీయ రికార్డు ఓరుగల్లులో చెరిగిపోయింది. ఆ మంచి పేరు మనకు ఊరికే రాలేదు, ట్రాక్ వల్ల వచ్చింది.

తగువు మలుపు తిరిగిందీ ఆ ట్రాక్ దగ్గరే. సింథటిక్ ట్రాక్ మీద లారీలు తిరగకూడదు, గుంజలు పాతకూడదు. స్టేడియం అథ్లెట్లదైంది, మంచిదే. టెన్నిస్ బంతి క్రికెట్ కుర్రాళ్లు, ఉదయపు నడకవారు, పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసేవారు, వీరందరితో పాటు రాజకీయ సభల భారమూ ఆర్ట్స్ కాలేజీ మైదానం మీదే పడింది. 2022 మే 6న రాహుల్ గాంధీ రైతు సభ, 2023 జులై 8న ప్రధాని మోదీ సభ, 2024 నవంబరు 19న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాల్గొన్న మహిళా శక్తి సభ. పార్టీలు మారాయి, మైదానం మారలేదు.

సభ ఒక్క పూటలో అయిపోతుంది. గుంజల గుంతలు పైపైన పూడ్చి వెళితే తొలి వానకే కుంగుతాయి. గడ్డిలో మేకులు, తీగముక్కలు మిగులుతాయి. బౌలర్ పరుగెత్తుకొచ్చే దారిలో మట్టి వదులైతే చీలమండ మెలిపడుతుంది. మేకుల భయం ఉన్న ఫీల్డర్ బంతి కోసం దూకడు, బౌండరీకి వదిలేస్తాడు. గీత బయట నిలబడి ప్రతి బంతికీ తీర్పు చెప్పే మన అభిమానులు తిట్టేది మాత్రం ఆ కుర్రాడినే.

రవాణా సౌకర్యం ఉంది, జనం సులువుగా వస్తారు, అనుమతి తీసుకునే పెడుతున్నాం అని నిర్వాహకులు అంటారు. కానీ 2010 డిసెంబరులో తెరాస మహాగర్జన, 2017లో అదే పార్టీ సభ ప్రకాశ్‌రెడ్డిపేటలో జరిగాయి. భారాసగా పేరు మారాక ఆ పార్టీ 2025 ఏప్రిల్ 27 సభ ఎల్కతుర్తిలో. (ఇది ఆ పార్టీకి కితాబు కాదు. ఖాళీ జాగా వెతుక్కుంటే దొరుకుతుందని చెప్పడానికే.)

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి విలుకాండ్ర పోటీలకు ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అదే ఊరి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఇద్దరి ఆటకూ పునాది ఊరి బడిలోనే పడింది. ఇలాంటి పిల్లల సన్మానానికి వచ్చే నాయకులే మైదానానికి అనుమతులూ అడుగుతారు.

కాలేజీ కాకతీయ విశ్వవిద్యాలయం కిందిది. మైదానాన్ని బాగుచేసే ఖర్చు ముందే కట్టించుకుని, పిచ్ ఉన్నంత మేర తాడు కట్టి వదిలేస్తే సగం తగువు తీరుతుంది. వేదికను అవతలి మూలకు జరపమని ఏ పార్టీకైనా చెప్పగలిగే అధికారి దొరకాలి, అంతే.